ఆ బొమ్మలోనిది ఫర్ చెట్టు కాదు

సంపాదకులకు నమస్కారం.

మంచు ప్రాంతాల చెట్లపై మీ ఆదివారం అనుబంధంలో ఫర్ అంటూ వేసిన బొమ్మ, చూడటానికి దాన్ని పోలిన స్ప్రూస్ అనే వేరే చెట్టుది. అందులో కాయలు కిందికి వేలాడుతున్నాయి. ఫర్ కాయలు కొమ్మపై దీపపు వత్తుల్లా నిటారుగా నిలుస్తాయి, పండాక పొలుసులు అక్కడే రాలిపోయి నడిమి పుల్ల మాత్రం మిగులుతుంది. ఆకును వేళ్ల మధ్య దొర్లించినా తెలుస్తుంది. స్ప్రూస్ ఆకు నాలుగు పలకలుగా ఉండి దొర్లుతుంది, ఫర్ ఆకు చదునుగా ఉండి దొర్లదు. దాని అడుగున రెండు తెల్లని చారలుంటాయి.

గుంటూరులో ముప్పై ఏళ్లు వృక్షశాస్త్రం బోధించాను. సూక్ష్మదర్శిని స్లైడ్లపై గాజు పలకలు అతికించడానికి వాడిన కెనడా బాల్సమ్, ఫర్ జాతిలోని బాల్సమ్ ఫర్ అనే చెట్టు బెరడు బొబ్బల నుంచి వచ్చే జిగురే. ఇప్పుడు అమెరికాలోని డులూత్‌లో మా అమ్మాయి ఇంటి వెనుక ఆ చెట్టునే పెంచుతున్నాను. బెరడు గిల్లితే ఆ పాత ప్రయోగశాల వాసన!

మైనస్ 40 డిగ్రీల చలికీ ఇది చావదు. కానీ దక్షిణపు గోడ పక్కన నాటిన నా మొదటి మొక్క ఫిబ్రవరి ఎండకు ఎర్రబడి ఎండిపోయింది. నేల గడ్డకట్టి వేళ్లకు నీరందదు, ఆకులు మాత్రం తేమ కోల్పోతూనే ఉంటాయి. రెండోదాన్ని ఉత్తరపు నీడలో, ఆమ్ల గుణమున్న తేమ నేలలో నాటి, నేల గడ్డకట్టేదాకా నీళ్లు పోశాను. జింకలు మేయకుండా తీగవల చుట్టాను. నిలిచింది.

ఫర్‌ను హైదరాబాదులో కుండీలో పెంచవచ్చన్న మీ మాటనూ దయచేసి సవరించండి. అక్కడ క్రిస్మస్ చెట్టుగా అమ్మేది ఎక్కువగా అరౌకేరియా అనే వేరే చెట్టు.

— విశ్రాంత అధ్యాపకుడు, డులూత్, మిన్నెసోటా