బాష్ నరకాన్ని పిచ్చి గీతలనకండి

సంపాదకుడు గారికి నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో పాతకాలపు చిత్రకారుడు హీరోనిమస్ బాష్ గీసిన నరక చిత్రం అచ్చేసినందుకు సంతోషించాను. కానీ బొమ్మ కింద ఆయన్ని మతి చలించినవాడని రెండు ముక్కల్లో తేల్చేశారు. పిల్లలకు బొమ్మలు నేర్పే నాకు అది బాధ కలిగించింది.

బాష్ నెదర్లాండ్స్‌లోని సెర్టోగెన్‌బాష్ ఊరివాడు. 1516లో కన్నుమూశాడు. మేరీమాత పేరిట ఆ ఊళ్లో నడిచిన భక్త సంఘంలో సభ్యుడు, పరువుగల మనిషి. మాడ్రిడ్ ప్రాడో మ్యూజియంలో ఉన్న ‘గార్డెన్ ఆఫ్ ఎర్త్లీ డిలైట్స్’ అనే ఆయన మూడు పలకల చిత్రంలో కుడివైపుది మీరు వేసిన నరకం. పక్షి తల జీవి ఒకటి ఎత్తు కుర్చీలో కూర్చుని, నెత్తిన వంటపాత్ర బోర్లించుకుని మనిషిని మింగుతుంటుంది. కింద మూల సన్యాసిని ముసుగు కప్పుకున్న పంది ఒక మగాణ్ని వాటేసుకుంటుంది. అతని ఒళ్లో ముద్రలేసిన పత్రం. ఇంత వివరంగా, ఇంత ఓపికగా గీసినవాడికి మతి లేదని ఎలా అంటాం?

ఈ బొమ్మకు ఒక్కో కాలంవాళ్లు ఒక్కో అర్థం చెప్పారు. కరడుగట్టిన కాథలిక్ అయిన స్పెయిన్ రాజు రెండో ఫిలిప్ దీన్ని 1593లో తన మఠం, రాజభవనం కలిసున్న ఎస్కోరియల్‌కు చేర్చాడు. ఇందులో మతద్రోహం ఉందన్న అనుమానాన్ని 1605లో సిగ్వెన్జా అనే సన్యాసి కొట్టిపారేశాడు. మిగతావాళ్లు మనిషిని పైకి కనిపించేట్టు గీస్తే, బాష్ లోపల ఉన్నట్టు గీశాడన్నాడు. నాకైతే ఇప్పటికీ ఆ మాటే సరైనదనిపిస్తుంది. 1947లో ఫ్రెంగర్ అనే జర్మన్ పండితుడు ఇది ఒక రహస్య మతశాఖ కోసం గీసిందన్నాడు. దానికి గట్టి ఆధారం లేదని ఎక్కువమంది ఒప్పుకోలేదు. కలల్లాంటి వింత బొమ్మలు గీసిన ఇరవయ్యో శతాబ్దపు సర్రియలిస్టు చిత్రకారులేమో బాష్ తమ పూర్వీకుడన్నారు.

మన తిరునాళ్లలో అమ్మే యమలోకం పటాలు గుంటూరు జిల్లాలో చూడనివాళ్లెవరు? పాపుల్ని సలసల కాగే నూనెలో వేస్తున్న కుంభీపాకం చూసి, గీసినాయనకి పిచ్చి అని ఎవరూ అనరు. దాని వెనకున్న నమ్మకం మనకు తెలుసు కాబట్టి. బాష్ నమ్మకం గురించి కూడా పాఠకులకు నాలుగు మాటలు చెప్పి ఉండాల్సింది.

దయచేసి వచ్చే సంచికలో ఎడమ పలకలోని ఆదాము అవ్వలతో, నడిమి తోటతో కలిపి మూడు పలకలూ రంగుల్లో పెద్దగా వేయండి. ఏ అర్థం ఎవరు, ఏ ఏడాది చెప్పారో పక్కనే రాయండి.

ఇట్లు,
ఒక డ్రాయింగ్ మాస్టారు,
బ్రాడీపేట, గుంటూరు