ఆ వీడియో ఫినిష్ లైన్ దాటాక మొదలైంది

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

పదో తరగతి పరీక్ష ఫీజు గడువుతో ఈ నెల ఉత్తరం మొదలుపెడదామని కూర్చున్నాను. కుదరలేదు. ఆదివారం సాయంత్రం నుంచి నా ఫోన్ మోగుతూనే ఉంది. సోమవారం ప్రేయర్ బెల్ కొట్టకముందే గేటు దగ్గర తొమ్మిది మంది నిలబడి ఉన్నారు. అందరి ఫోన్లలోనూ ఒకటే వీడియో. విశాఖలో జరిగిన క్రాస్‌కంట్రీ (ట్రాక్ మీద కాకుండా ఇసుక, గడ్డి, ఎత్తుపల్లాల మీద పరిగెత్తే పోటీ) మీట్‌లో మన తొమ్మిదో తరగతి అమ్మాయి కూలబడిపోవడం, పీఈటీ మాస్టారు పరిగెత్తుకు రావడం, ఎవరో మొహాన నీళ్లు కొట్టడం. మొత్తం 23 సెకన్లు. కింద 'పిల్లల ప్రాణాలతో ఆటలు' అని ఎర్ర అక్షరాలు.

"రాత్రంతా నిద్దర నేదు మేడం, గుంట పడిపోనాదంట కదా" అని ఒక తల్లి నా చెయ్యి పట్టుకుని ఏడ్చేసింది. తీరా చూస్తే ఆవిడ కూతురు ఆరో తరగతి, జట్టులో లేనే లేదు.

ముందు ఆ అమ్మాయి సంగతి చెప్తాను. బాగానే ఉంది. పది నిమిషాల్లో లేచి కూర్చుంది. అక్కడున్న డాక్టరుగారు బీపీ, షుగరు చూసి, గ్లూకోజు నీళ్లు తాగించి, ఒక వారం పరుగు వద్దన్నారు. తిరిగొచ్చేటప్పుడు ఆనందపురం దగ్గర బస్సు ఆపించి మరీ పునుగులు తింది. సోమవారం సోషల్ పీరియడ్‌లో పక్కదానితో కబుర్లు చెప్తూ దొరికిపోయి తిట్లు కూడా తింది. ఇక్కడ పేరు రాయను. ఇప్పటికే ఆ పిల్ల మొహం అవసరానికి మించి ఊరంతా తిరిగింది.

వీడియో తీసినాయన మీద నాకు కోపం లేదు. కాస్త ఉంది. ఆయన ఫోను ఇంకొక్క నిమిషం ముందు బయటికి తీసి ఉంటే మీరు వేరే వీడియో చూసేవారు.

ఆడపిల్లల పోటీ 4 కిలోమీటర్లు. 19 స్కూళ్ల నుంచి 112 మంది. సరుగుడు తోటలో ఇసుక, తర్వాత గడ్డి, చివర్లో ఒక ఎత్తు, ఆ ఎత్తు ఎక్కాక 200 మీటర్ల దూరంలో ఫినిష్. తోటలోంచి బయటికి వచ్చేసరికి మన అమ్మాయి 30వ స్థానంలో ఉంది. ఎత్తు మీద ఒకరిని, చదునులోకి వచ్చాక ఇంకొకరిని దాటింది. 28వ స్థానం. గీత దాటింది, రెండడుగులు వేసింది, ఆ తర్వాతే మీరు చూసింది.

"28వ స్థానం వచ్చిన పిల్లని అంత దూరం ఎందుకు తీసుకెళ్లారు?" అని ఒకాయన అడిగారు. ఈ ఆటకి లెక్క వేరు. జట్టులో ఆరుగురు పరిగెడతారు, మొదట వచ్చిన నలుగురి స్థానాలు కూడతారు, ఎవరి మొత్తం తక్కువైతే వాళ్లు ముందు. మన నలుగురూ 5, 11, 17, 28. మొత్తం 61. మూడో స్థానంలో నిలిచిన జట్టు మొత్తం 63. ఆఖర్లో దాటిన ఇద్దరిలో ఒకమ్మాయి సరిగ్గా ఆ జట్టు నాలుగో అమ్మాయే. ఆ ఎత్తు దగ్గర మన పిల్ల "చాల్లే" అనుకుని ఉంటే వాళ్లకి 62, మనకి 63 అయ్యేవి. 19 జట్లలో రెండో స్థానం మనకి వచ్చింది ఐదో స్థానం పిల్ల వల్ల ఎంతో, ఈ పిల్ల వల్ల అంత. నేను లెక్కల టీచర్ని కాదు, ఈ కూడిక మాత్రం ఆదివారం నుంచి కాగితం మీద నాలుగుసార్లు వేసి చూసుకున్నాను. వేసిన ప్రతిసారీ సంతోషంగానే ఉంది.

ఇక ఎందుకు పడిపోయిందన్నది. నేను బయాలజీ చెప్పేదాన్ని కాబట్టి కాస్త ఓపిక పట్టండి. పరిగెత్తేటప్పుడు పిక్కల కండరాలు బిగుసుకుంటూ సడలుతూ కాళ్లలోని రక్తాన్ని పైకి, గుండె వైపు తోస్తుంటాయి. ఉన్నట్టుండి ఆగిపోతే ఆ తోపుడు ఆగుతుంది, రక్తం కాళ్లలోనే ఉండిపోతుంది, తలకి చాలదు. కళ్లు తిరుగుతాయి. అందుకే గీత దాటాక కూడా నడుస్తూనే ఉండాలని మాస్టారు రోజూ అరుస్తారు. పడిపోతే పడుకోబెట్టి కాళ్లు ఎత్తి పెట్టాలి. వీడియోలో ఆయన ఆ పిల్ల కాళ్లు పట్టుకున్నది అందుకు. దాన్ని 'ఈడ్చుకెళ్తున్నారు' అని రాసిన మహానుభావులున్నారు.

అది సగం కారణం. మిగతా సగం నేను తిరుగు ప్రయాణంలో పక్కన కూర్చుని అడిగితే బయటపడింది.

"పొద్దున్న ఏం తిన్నావమ్మా?"

"టీ తాగాను మేడం."

"రాత్రి?"

"శనివారం కదా మేడం, ఒక్కపొద్దు. మధ్యాహ్నమే తిన్నాను."

మనవరాలు గెలవాలని నాన్నమ్మ మొక్కుకుందట. ఆ పెద్దావిడ ప్రేమని నేను ఒక్క మాట అనను. నేనూ ఇరవై ఏళ్లు శనివారం ఒక్కపొద్దు ఉన్నదాన్నే, బీపీ మాత్రలు మొదలయ్యాక మానేశాను. కానీ శనివారం మధ్యాహ్నం నుంచి ఆదివారం పొద్దున్న దాకా పొట్టలో ఏమీ లేకుండా 4 కిలోమీటర్లు పరిగెత్తడమంటే మాటలా? కాలేయంలో దాచుకున్న శక్తి చాలావరకు రాత్రి నిద్రలోనే ఖర్చయిపోతుంది. మొక్కు పెద్దవాళ్లు ఉండండి, పరుగు పిల్లలకి వదిలేయండి.

మా తప్పు కూడా చెప్పాలి. బస్సు తెల్లవారుజామున 4 గంటలకి బయల్దేరింది. ఇంట్లో ఏదో ఒకటి తిని ఉంటారులే అనుకున్నాం, అడగలేదు. బస్సులో తలా రెండు అరటిపళ్లు ఇచ్చాం, తిన్నారో లేదో చూడలేదు. ఈ అమ్మాయి తన రెండు పళ్లూ తమ్ముడికని సంచిలో దాచుకుంది. ఇకమీదట ఏ మీట్‌కి వెళ్లినా పోటీకి రెండు గంటల ముందు మా కళ్లెదుట తింటేనే నంబరు గుడ్డ కట్టుకోవడం. అది నా పూచీ.

మీ పూచీ మాట కూడా వినండి. సోమవారం జట్టులో ఉన్న పన్నెండు మందినీ వరసగా అడిగాను. ఏడుగురు రోజూ పొద్దున్న టీలో బిస్కెట్ ముంచుకుని తిని వస్తున్నారు. మన తాతలు చోడి (రాగి) అంబలి తాగి నాగలి పట్టినవాళ్లు. చోళ్లు ఇప్పటికీ మన ఇళ్లలో ఉన్నాయి, మనకే నామోషీ. స్కూల్లో రాగిజావ ఇస్తే 'మా వాడికి నచ్చదు మేడం' అని మీరే వెనకేసుకొస్తారు. వారానికోసారి ఇచ్చే నీలం రంగు ఐరన్ మాత్రలైతే గోడ వెనక తుప్పల్లో దొరుకుతున్నాయి, మొన్న ఆయమ్మ గుప్పెడు ఏరి తెచ్చింది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి 58 మందికి పైగా రక్తహీనత అని తేలింది. ఆ మాత్ర అన్నం తిన్నాక మింగాలి, వెంటనే టీ తాగకూడదు. టీ ఆ ఇనుముని ఒంటికి పట్టనివ్వదు. మన టీ పిచ్చి సంగతి మీకు తెలియంది కాదు.

ముగ్గురు తండ్రులు వచ్చి తమ కూతుళ్ల పేర్లు జట్టులోంచి కొట్టేయమన్నారు. గౌరవంగానే అడిగారు. ఒకాయన మాత్రం "ఆడపిల్లకి ఈ పరుగులేటి మేడం, రేపు కాలో చెయ్యో విరిగితే పెల్లెలాగవుద్ది" అన్నారు. ఆమదాలవలస దగ్గర ఊసవానిపేట నుంచి వెళ్లిన కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో బరువులెత్తి కాంస్యం తెచ్చినప్పుడు ఆయన వయసెంతో అడుగుదామనుకున్నాను, టీ ఇచ్చి పంపించాను. (అవును, టీయే.) పేర్లు కొట్టలేదు. పెన్సిల్‌తో చుక్క పెట్టుకున్నాను, ఇంకోసారి మాట్లాడదాం రండి.

పరుగంటే ప్రమాదమే లేదని నేను అనడం లేదు. ఒలింపిక్స్‌లోనూ ఒకప్పుడు క్రాస్‌కంట్రీ ఉండేది. 1924లో పారిస్‌లో మండుటెండలో పెడితే 38 మంది మొదలుపెట్టి 15 మందే చివరిదాకా వచ్చారు, ఆ తర్వాత ఒలింపిక్స్‌లోంచి తీసేశారు. మన మాస్టారికి ఆ కథ కంఠతా. అందుకే ఆయన పిల్లల్ని పొద్దున్న 7 దాటాక పరిగెత్తనివ్వరు.

ఈ పిల్లలు ఎక్కడ తయారయ్యారో మీలో ఎంతమంది చూశారు? మనకి ట్రాక్ లేదు. చెరువు గట్టు, అక్కణ్నుంచి మామిడి తోట వెనక దారి, చంపావతి నది ఇసుకలో ఒక చుట్టు, మళ్లీ గట్టు. గోగు నానబెట్టిన రోజుల్లో ఆ చెరువు కంపు ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు. ముక్కుకి చున్నీ కట్టుకుని పరిగెత్తారు. ఐదో స్థానం వచ్చిన పదో తరగతి అమ్మాయి ఇంట్లో పాలు పితికి, కేంద్రంలో పోసి, ఖాళీ క్యాను సైకిలుకి తగిలించుకుని వస్తుంది. చలి మొదలయ్యాక కూడా ఒక్కరోజు ఆలస్యం కాలేదు. 17వ స్థానం పిల్ల ఎడమ బూటు అడుగు ఊడిపోతే గోనె సూదితో తనే కుట్టుకుంది, ఆ కుట్టు చూసి మన క్రాఫ్ట్ టీచరు ముచ్చటపడ్డారు. ఆరో అమ్మాయి 96వ స్థానం. డొక్కలో నొప్పితో రెండుసార్లు నడిచింది, ఆగలేదు. వచ్చాక అందరి సంచులూ లెక్కపెట్టి బస్సెక్కించింది కూడా ఆ పిల్లే.

మగపిల్లలు ఎనిమిదో స్థానం. ఇంకా పైకి వచ్చేవారు. ఆరుగురు వెళ్లాల్సింది ఐదుగురే వెళ్లారు, ఒకడు రాత్రి ఒంటిగంట దాకా ఫోన్లో గేమ్ ఆడి బస్సు టైముకి లేవలేదు. వాళ్ల నాన్నగారికి నేను ఫోన్ చేస్తే "పాపం పడుకున్నాడు మేడం, లేపబుద్ధి కాలేదు" అన్నారు. ఏం మాట్లాడను? అదీకాక సిరిమాను పండక్కి చుట్టాలొచ్చారని అబ్బాయిల్లో సగం మంది వారం పాటు ప్రాక్టీసుకి రాలేదు. పైడితల్లమ్మ పండక్కి మంగళవారం ఒక్కరోజు చాలదా, తొలేళ్ల సోమవారం కలిపితే రెండు రోజులు. వారమంతా ఏం పండగ?

ఇక నా గోడు, ఎప్పుడూ ఉండేదే. ఆటల పీరియడ్ తీసేసి పదో తరగతికి లెక్కలు పెట్టమని మీలో 31 మంది సంతకాలు చేసి ఇచ్చిన కాగితం నా టేబుల్ మీద ఉంది. ఉంటుంది కూడా, ఎక్కడికీ కదలదు. వారంలో ఉన్నదే కాసిని పీరియడ్లు. అవి కూడా తీసేసి పిల్లని బెంచీకి అతికించి, అర కిలోమీటరు దూరానికి బండి మీద దింపి, సాయంత్రం ట్యూషన్‌కి మళ్లీ బండి మీద తీసుకెళ్లి, చివరికి 'మా వాడు చురుగ్గా లేడు మేడం' అంటే నేనేం చేయాలి? వీరఘట్టంలో పుట్టిన మల్లయోధుడు కోడి రామ్మూర్తి నాయుడుగారు సర్కస్‌తో పేరు తెచ్చుకోకముందు ఈ విజయనగరంలోనే వ్యాయామం నేర్పే పంతులుగా పనిచేశారు. ఆ ఊళ్లో, ఆ నేల మీద ఆటల పీరియడ్ దండగ అనడానికి మనకి నోరెలా వస్తుంది? రోజూ గట్టు మీద పరిగెత్తే పన్నెండు మందిలో ఈ ఫార్మేటివ్ పరీక్షలో లెక్కలు తప్పినవాళ్లు ఒక్కరూ లేరు. పరుగు వల్లే అని నేను ప్రమాణం చేయను. పరుగు వల్ల చెడిపోయారని మాత్రం ఎవరూ అనలేరు. గ్రౌండ్ సంగతి కూడా. పెళ్లి పందిరికి తవ్విన గోతులు పూడ్చకుండా వెళ్లిపోయారు, ఏడో తరగతి అబ్బాయి కాలు మడతపడింది. ధాన్యం ఆరబోసుకోండి, కాదనను, ఒక మూల ఆరబోసుకోండి. సీసాలు మాత్రం మీ ఇంటికి తీసుకెళ్లండి. నేను ఆదివారాలు గాజుపెంకులు ఏరుతున్నాను, నా వయసు 56.

మిగతావి గబగబా. పదో తరగతి పరీక్ష ఫీజు శుక్రవారంలోగా క్లాస్ టీచరుకి కట్టండి. అపార్ (విద్యార్థి గుర్తింపు నంబరు) కోసం ఆధార్‌లో పేరు తేడా ఉన్నవాళ్లు ఈ వారమే సరిచేయించండి. ఎనిమిదో తరగతి ప్రోగ్రెస్ కార్డులు సంతకం పెట్టి పంపండి, పిల్లల చేత కాదు, మీరు. ఆడపిల్లల బాత్రూముల మోటారు బాగైంది.

ప్రాక్టీసు మామూలుగానే ఉంది, పొద్దున్న 5:45కి చెరువు గట్టు దగ్గర. అనుమానం ఉన్నవాళ్లు వచ్చి చూడొచ్చు. మాస్టారు పక్కన నిలబడితే స్టాప్‌వాచ్ చేతికిస్తారు, అంతకు మించి మర్యాద ఆశించకండి. వచ్చే శనివారం పీహెచ్‌సీ నుంచి సిస్టర్ వచ్చి జట్టు పిల్లలకి రక్తపరీక్ష చేస్తారు. ఆ పేర్ల మీద చుక్కలు పెట్టించిన ముగ్గురూ ఆరోజు రండి, రిపోర్టులు మీ ముందే చూద్దాం.

వీడియోలో అమ్మాయి ఈ వారం పరిగెత్తకూడదు. అయినా మంగళవారం గట్టు మీదికి వచ్చి కూర్చుంది. "తిన్నావా?" అన్నాను. మాట్లాడకుండా కుడిచెయ్యి నా ముక్కు దగ్గర పెట్టింది. చద్దన్నం, ఆవకాయ. ఆవకాయ కాస్త తగ్గించి పెరుగు వేసుకోమన్నాను.

మీ
ప్రధానోపాధ్యాయురాలు