రాత్రి ఒట్టి టీ తాగి పడుకోవడం లేదమ్మా

లీడ్స్, ఇంగ్లండ్

అమ్మా,

నేను కులాసాగానే ఉన్నాను. డ్యూటీ మామూలే, ఈ వారం పగలు, వచ్చే వారం రాత్రి.

మొన్న వీడియో కాల్‌లో మా ఇంటి ఓనరావిడ ‘షీ ఈజ్ హ్యావింగ్ హర్ టీ’ అందనీ, నాన్నగారు ‘ఇప్పుడు టీ తాగుతోందట’ అన్నారనీ, నేను రాత్రికి టీతో సరిపెట్టుకుంటున్నానని నువ్వు తెల్లవార్లూ నిద్రపోలేదనీ తమ్ముడు చెప్పాడు. ఎందుకమ్మా అలా? ఈ యార్క్‌షైర్ వైపు టీ అంటే సాయంత్రం ఐదారింటికి తినే భోజనం. ఆ రోజు ఆవిడ టీ అన్నది నేను వండుకున్న అన్నం, పప్పుచారు, కోడిగుడ్డు వేపుడు. కంచం నిండా పెట్టుకుని తిన్నాను. నీ మీద ఒట్టు.

నాన్నగారిని ఏమీ అనకు. నాకూ తెలియలేదు. ఆసుపత్రి వార్డులో పనికి చేరిన కొత్తలో ఒక పెద్దాయన ‘వాట్స్ ఫర్ టీ, లవ్?’ అంటే కప్పులో టీ కలిపి తీసుకెళ్లాను. ఆయన కప్పు వైపు చూశాడు, నా వైపు చూశాడు, ఏమీ అనకుండా తాగేశాడు. మధ్యాహ్నం కూడా సరిగ్గా తినలేదని పక్క బెడ్ ఆయన చెబితే అర్థమైంది. పరుగెత్తి భోజనం తెచ్చి పెట్టాను గానీ, ఆ రాత్రి ఇంటికొచ్చి ఏడ్చాను. ఆకలన్న మనిషి చేతిలో కప్పు పెట్టి వచ్చేశాను కదా అని. లవ్ అన్నాడని కంగారుపడకు, ఇక్కడ బస్సు డ్రైవరు కూడా అలాగే పిలుస్తాడు, మనం ‘తల్లీ’ అన్నట్టు.

ఇక్కడ చాలామందికి డిన్నర్ అంటే మధ్యాహ్నం భోజనం. బళ్లో పిల్లలకి మధ్యాహ్నం పెట్టేది స్కూల్ డిన్నరే. పెద్ద హోటళ్లలో ఆఫ్టర్‌నూన్ టీ అంటే శాండ్‌విచ్‌లు, స్కోన్లనే చిన్న రొట్టెలు, కేకులు. ఇప్పుడు ఎవరైనా టీకి రమ్మంటే ఎన్నింటికని అడుగుతాను. మూడింటికి అంటే ఇంట్లో తినే వెళ్తాను, ఐదున్నరకి అంటే ఆకలితో వెళ్తాను.

నువ్వు రోజూ అడిగే టిఫిన్ కూడా ఇక్కడ వేరే. బిస్కెట్ ముక్కలూ ఎండుద్రాక్షా కలిపి, పైన చాక్లెట్ పోసి గడ్డకట్టించిన కేకు. ‘మీ అమ్మ పొద్దున్నే అదా పెట్టేది?’ అని ఇంటావిడ ఆశ్చర్యపోతే, సంక్రాంతికి తీసిన ఇడ్లీల ఫోటో చూపించాను. అందులో చట్నీ వేస్తూ నీ చెయ్యి పడింది. ఆవిడ వెళ్లిపోయాక కూడా చాలాసేపు చూస్తూ కూర్చున్నా.

నాన్నగారి బీపీ మాత్రలకి డబ్బు పదో తారీఖుకల్లా వేస్తాను. ఆదివారం ఫోన్ చేస్తాను. ఏం తిన్నావని అడుగు, కూర పేరుతో సహా చెబుతాను.

నీ
చిన్ని