ముందుగాల కొలువు, తర్వాతనే గమ్ము

నల్లగొండ

బిడ్డా,

నువ్వు పంపిన ఫొటోలు, వీడియోలు చూసిన. నీ మోడల్ రైలుకు కొన్న ఎనిమిది బాక్సెన్ (బొగ్గు మోసే) వ్యాగన్లల్ల మూడు వ్యాగన్లు పాయింట్ల (పట్టాలు చీలే చోటు) మీద పట్టాలు తప్పుతున్నయని, ఒకదాని కప్లర్ (వ్యాగన్లను కలిపే కొక్కెం) కిందికి వేలాడుతున్నదని, ఇంకోటి ఊగుకుంట పోతున్నదని రాసినవ్. ఫెవిక్విక్ తెచ్చి పెట్టుకున్న అని కూడ రాసినవ్. ఆ ట్యూబు మూత తీయకు. ఒక్క చుక్క పడ్డదంటే ఆ లోపం తయారుచేసినోనిది కాకుండ నీదైతది. "కస్టమరే విప్పి ఖరాబు చేసిండు" అని ఒక్క ముక్కల తేల్చేస్తరు.

ముందుగాల ఒక్కో వ్యాగన్ అడుగున చిన్న కాయితం టేపు అంటించి ఒకటి నుంచి ఎనిమిది దాంక నంబరెయ్యి. డబ్బాల మీద కూడ అదే నంబరు. డబ్బా మీదున్న బ్యాచ్ నంబరు, బిల్లు, రిటర్న్ గడువు తారీఖు ఒక్క కాడ రాసి పెట్టుకో. డబ్బా లోపలి ప్లాస్టిక్ తట్ట పారెయ్యకు. అది లేకుంట తిప్పి పంపితే దారిల మెట్లు, బ్రేకు చక్రం ఇరిగిపోతయ్. అప్పుడు అసలు గొడవ పోయి కొత్త గొడవ మొదలైతది.

ఇగ కొలతలు. ఒక అద్దం ముక్క తీసుకో. టేబుల్ చెక్క నమ్మదగింది కాదు, అద్దమే సాఫుగ ఉంటది. వ్యాగన్‌ను దాని మీద పెట్టి, మామూలు జిరాక్స్ కాయితం ముక్కను ఎనిమిది చక్రాల కింద ఒక్కోదాని కింద నెట్టి చూడు. ఆ కాయితం మందం మిల్లీమీటరుల పదో వంతు ఉంటది. ఎక్కడ అడ్డం లేకుండ దూరిపోతదో ఆ చక్రం గాల్లో ఉన్నట్టు. ఏ నంబరు వ్యాగన్, ఏ మూల అన్నది రాసుకో. రాసినంక చక్రాల బోగీలను (వ్యాగన్ కింద ముందొకటి, వెనకొకటి ఉండే చక్రాల చట్రాలు) పట్టిన రెండు స్క్రూలు చూడు. రెండూ బిగుసుకుని ఉంటే వ్యాగన్ నాలుగు కాళ్ల పీట లెక్క ఏదో ఒక కాలు లేపుతది. ఒక స్క్రూ బోగీ పక్కలకు ఊగకుండ, కాని తిరిగేటట్టు ఉండాలె. రెండోది అర చుట్టు వదులుగ ఉండి అన్ని దిక్కులకు కొంచెం ఆడాలె. ఇంత మాత్రానికే లేచిన చక్రం దిగితే అది బిగించినోని తొందర, అంతే. స్క్రూ వదులు చేసినా చక్రం గాల్లోనే ఉంటే బోగీని ఊడదీసి ఒక్కదాన్నే అద్దం మీద పెట్టు. అదే ఊగిందంటే ఫ్రేమే మెలి పడ్డది. చల్లారకముందే అచ్చుల నుంచి గుంజితే ప్లాస్టిక్ ఇట్ల మెలి పడతది. దాన్ని చేత్తోని వంచి సరిచేద్దామనుకోకు. ఆ బోగీలు ఎక్కువ అసిటాల్ ప్లాస్టిక్‌తోని చేస్తరు, అది వంచినా మళ్ల పాత రూపానికే వస్తది, గమ్ము కూడ పట్టదు.

చక్రాల నడిమి దూరం అన్నిటికంటె ముఖ్యం. ఇరుసు మీదున్న రెండు చక్రాల లోపలి ముఖాల నడుమ దూరం హెచ్‌ఓ స్కేలుల (అసలు రైలుకు 87వ వంతు సైజు) 14.4 మిల్లీమీటర్ల దగ్గర ఉండాలె. డిజిటల్ కాలిపర్ లోపలి దవడలతోని కొలువు. దూరం తక్కువైతే చక్రపు వెనక ముఖం పాయింటుల లోపలి దిక్కు ఉండే చెక్ రైలుకు ఒరుసుకుని, చక్రం దాని మీదికి ఎక్కుతది. నీ మూడు వ్యాగన్లు తిన్నటి పట్టా మీద మంచిగ పోయి పాయింటు కాడనే తప్పుతున్నయంటే నా అనుమానం దీని మీదనే. దూరం ఎక్కువైతే వంపులల్ల ఫ్లాంజ్ (చక్రానికి లోపలి దిక్కు ఉండే అంచు) రైలును బిగపడతది. ఒక్క చోట కొలిచి ఊకోకు. చక్రాన్ని తిప్పుకుంట మూడు చోట్ల కొలువు. మూడు చోట్ల ఒకటే అంకె తక్కువొస్తే చక్రం లోపలికి జరిగింది, దాన్ని గుంజి సరిచేయొచ్చు. ఒక చోట 14.2, ఇంకో చోట 14.6 వస్తే చక్రం ఇరుసు మీద వంకరగ ఎక్కింది. ఊగుకుంట పోయే వ్యాగన్‌ల ఇదే దొరుకుతదేమో చూడు. అది ఎంత తిప్పినా సక్కగ కాదు, ఇరుసు మొత్తం మార్చుడే.

మల్టీమీటరు బీప్ మోడ్‌ల పెట్టి ఒక్కో ఇరుసు రెండు చక్రాల మీద ముల్లులు ఆనించు. మోగొద్దు. రెండు పట్టాల కరెంటుల ఒక దిక్కు చక్రానికి ప్లాస్టిక్ బుష్ ఉండాలె, అది పగిలినా జారినా పట్టా మొత్తం షార్ట్ అయితది. బోగీ ఫ్రేము లోహానిదైతే ఒక బోగీల రెండు ఇరుసుల బుష్‌లు ఒకే దిక్కు ఉన్నయా లేదా కూడ చూడు. ఒకటి ఇటు, ఒకటి అటు పెడితే ఇరుసులు రెండూ మంచివే అయినా ఫ్రేము ద్వారా షార్ట్ కొడతది.

దొర్లుడు పరీక్షకు మీటరు పొడవు పట్టాను ఒక చివర 20 మిల్లీమీటర్లు ఎత్తు. ఎనిమిదింటిని ఒకదాని తర్వాత ఒకటి వదులు. మంచి వ్యాగన్ తోయకుండనే కదులుతది. ఆగినదాని ఇరుసు ఊడదీసి, ఫ్రేముల ఇరుసు మొన కూసునే గుంటలకు టార్చి కొట్టి చూడు. అచ్చు రెండు ముక్కలు కలిసే కాడ పొర లెక్క సన్నటి ప్లాస్టిక్ రెక్క కనబడొచ్చు. అది మొనకు అడ్డం పడి చక్రాన్ని ఆపుతది. కుట్టు మిషన్ నూనె మాత్రం పొయ్యకు, దుమ్మును పట్టుకుని వారంల జిడ్డు బంక అయితది. పొర తీసినంక గ్రాఫైట్ పొడి చిటికెడు చాలు.

బరువు సంగతి. ఎన్‌ఎంఆర్‌ఏ (అమెరికా మోడల్ రైలు సంఘం) సిఫారసు ప్రకారం హెచ్‌ఓ వ్యాగన్‌కు ఒక ఔన్సు, దాని మీద కప్లర్లు కలపకుండ ప్రతి అంగుళం పొడవుకు అర ఔన్సు. మన లెక్కల అయితే 28 గ్రాములు, ప్రతి సెంటీమీటరుకు 5.6 గ్రాములు. అసలు బాక్సెన్ కప్లర్లు కలపకుండ 9,784 మిల్లీమీటర్లు. 87తోని భాగిస్తే 112. అంటే నీ వ్యాగన్ దాదాపు 91 గ్రాములు తూగాలె. వంటింట్ల కాంటా చాలు. 60, 70 గ్రాములే ఉంటే అది పొడవాటి రేకు (వ్యాగన్ల వరస) నడుమ వంపు కాడ లోపలి దిక్కు ఒరుగుతది. బాక్సెన్ పైన తెరిచి ఉండే పెట్టె గనుక బరువు దాసే జాగ లేదు, ఫ్యాక్టరీ అడుగున ఇనుప పట్టీ పెడతది. వ్యాగన్‌ను చెవి దగ్గర ఊపు, లోపల గలగలమంటే ఆ పట్టీ గమ్ము ఊడింది. దామరచర్ల థర్మల్ ప్లాంటుకు పోయే రేకు లెక్క బొగ్గు లోడు పెడదామనుకుంటున్నవ్ గద, తక్కువైన బరువును బొగ్గు కింద రెండు చివరలకు సమానంగ సర్దుకోవచ్చు.

అడుగున ఉన్న బరువు గాని, ఫ్రేము గాని జింకుతోని పోత పోసినదైతే టార్చి పెట్టి మంచిగ చూడు. సన్నటి పగుళ్లు, ఉబ్బు, అంచుల కాడ పొడి రాలుడు కనబడితే అది జింకు తెగులు. పోత పోసేటప్పుడు జింకుల సీసమో, తగరమో, కాడ్మియమో కలిసిపోతే లోహం లోపలి రేణువుల నడుమ నుంచి తినుకుంట పోతది. ఉక్క, తేమ ఎక్కువైతే ఇంకా జల్దీ. దానికి మందు లేదు. రంగు వేసినా, గమ్ము పోసినా ఆగదు. అసొంటిది ఒక్కటున్నా గడువు లోపల తిప్పి పంపుడే, బాగుచేసే ఆలోచనే వద్దు.

ఇప్పుడు అసలు సంగతి. కొలతలన్నీ ఒక కాయితం మీద గళ్లు గీసి రాస్తవ్ గద, దాన్ని అడ్డంగ చూడు. ఎనిమిదింటిల ఒకటే లోపం ఒకటే మూలకు మళ్ల మళ్ల వస్తున్నదా? అన్నిటికీ ఎడమ వెనక చక్రమే లేస్తే, అన్నిటి గోడలు నడిమిట్ల లోపలికే వంగితే, తప్పు అచ్చుది, లేకుంటే డిజైన్‌ది. అసొంటప్పుడు "మార్చి ఇవ్వండి" అని అడగకు. వాళ్లు పంపే కొత్తది కూడ అదే అచ్చుల నుంచి వస్తది, అదే మూల లేపుతది. పైసలు వాపసు అడుగు, లేకుంటే సరిచేసిన భాగం ఎప్పుడొస్తదో రాసిమ్మను. లోపాలు ఒకదానికి చక్రం, ఒకదానికి కప్లర్, ఒకదానికి స్క్రూ, ఇట్ల చెల్లాచెదురుగ ఉంటే తప్పు బిగించే టేబుల్ కాడ జరిగింది. దానికి మార్చిచ్చుడు సరిపోతది. చెడ్డవి ఒకే బ్యాచ్ నంబరు మీదుంటే మార్చిచ్చేవి వేరే బ్యాచ్‌ల నుంచి ఇమ్మని అడగాలె. నీ రాతలు చూస్తే చెల్లాచెదురు అనిపిస్తున్నది, కాని ఫొటో చూసి నేను తేల్చలేను, కొలిస్తేనే తేలుతది.

ఇంత ధర పెట్టినా ఎవరూ చూడకుండ ఎట్ల పంపిండ్రు అని కోపం చేసినవ్. చూసే ఉంటరు, కాని అన్నీ చూడరు. ఫ్యాక్టరీలల్ల ఎక్కువ వాడేది ఐఎస్‌ఓ 2859-1 నమూనా పద్ధతి. మామూలు తనిఖీ స్థాయిల 500 వ్యాగన్ల లాటు నుంచి 50 ఏరి చూస్తరు. చెడ్డవి ఒప్పుకునే స్థాయి 2.5 శాతం అని పెట్టుకుంటే ఆ 50ల మూడు చెడ్డవున్నా లాటు పాస్, నాలుగైతేనే ఫెయిల్. అట్ల పాసైన లాటుల మిగిలిన 450ల ఉన్న చెడ్డవన్నీ మన అసొంటోళ్ల ఇంటికే వస్తయ్. పైగా ఆ టేబుల్ కాడ కంటికి కనబడే రంగు, అచ్చు రాతలు చూస్తరు గాని, పాయింటు మీద నడిపి చూసేది తక్కువ. చిన్న తయారీదారు అయితే బిగించినోడే చూసుకుంటడు, చేసిన చేతికి తన తప్పు కనబడదు. నా మట్టుకైతే రంగు మీద చిన్న మచ్చ ఉన్నా సరే, ఇరుసు సక్కగున్న వ్యాగనే మేలు.

లోపం కానిదాన్ని లోపమని రాయకు, మిగిలిన ఫిర్యాదు కూడ పలుచనైతది. మన బ్రాడ్‌గేజ్ 1,676 మిల్లీమీటర్లు, 87తోని భాగిస్తే 19.3 రావాలె. అమ్మే పట్టా మాత్రం 16.5. అందుకే చక్రాలు పెట్టె కింద లోపలికి ముడుచుకున్నట్టు కనబడతయ్. అది తెలిసి చేసిన రాజీ. ఫ్లాంజ్ లావుగుండుడు కూడ అంతే. కాని వ్యాగన్ నంబరు తప్పుంటే రాయొచ్చు, అది సరిచూసే లెక్క ఉన్నది. పదకొండు అంకెలల్ల మొదటి రెండు వ్యాగన్ రకం, బాక్సెన్‌కు 10. తర్వాతి రెండు రైల్వే జోన్, ఆ తర్వాత రెండు తయారైన సంవత్సరం, నాలుగు వరస నంబరు, చివరిది చెక్ అంకె. సరి స్థానాల అంకెలు కూడి మూడుతోని గుణించు, బేసి స్థానాలవి కలుపు, పైన వచ్చే పదుల అంకెకు ఎంత తక్కువో అదే చివరి అంకె. 1009140257కు 22 మూళ్లు 66, దానికి 7 కలిపితే 73, 80కి 7 తక్కువ. చివర 7 ఉండాలె.

ఫిర్యాదు చిన్నగ రాయి, తిట్లు వద్దు. "నంబరు 3: రెండో ఇరుసు, చక్రాల నడుమ 14.0, ఉండాల్సింది 14.4, కుడి పాయింటు మీద ప్రతిసారి తప్పుతున్నది, వీడియో జత చేసిన" అని ఒక్కో వ్యాగన్‌కు ఒక్కో వాక్యం. చివరల ఏం కావాల్నో ఒక్కటే అడుగు. మార్చుడు, భాగం, వాపసు మూడూ కలిపి అడిగితే వాళ్లకు నచ్చిందే ఇస్తరు. ఆన్‌లైన్ల కొన్నవ్ గనుక 2020 ఈ-కామర్స్ నియమాల ప్రకారం గ్రీవెన్స్ ఆఫీసరు 48 గంటలల్ల అందిందని చెప్పాలె, నెల లోపల తేల్చాలె. లోపమున్న సరుకును వాపసు తీసుకోను అనే హక్కు అమ్మినోనికి లేదు. ఉలుకు పలుకు లేకుంటే 1915కు ఫోన్ చెయ్యి. ఆపైన జిల్లా వినియోగదారుల కమిషన్ మహబూబ్‌నగర్‌లనే ఉన్నది, రెండేండ్ల లోపల వెయ్యాలె, అయిదు లక్షల దాంక ఫీజు లేదు. ఇంత చిన్నదానికి అక్కడి దాంక పోతదని నేననుకోను.

వాళ్లు "మీరే సరిచేసుకోండి, వారంటీ పోదు" అని రాసిస్తేనే పని మొదలుపెట్టు. లోపలికి జరిగిన చక్రాన్ని తిప్పుకుంట గుంజాలె, ఊకె గుంజితే వంకరైతది. కప్లర్ వేలాడితే ముందు దాని పెట్టె స్క్రూ చూడు, తర్వాత కేడీ 205 గేజ్‌కు (కప్లర్ ఎత్తు సరిచూసే పనిముట్టు) ఆనించు. వ్యాగన్ మొత్తమే కిందికి ఉంటే బోగీకి, అడుగుకు నడుమ 0.25 మిల్లీమీటర్ల వాషర్ ఒకటి, చాలకుంటే 0.38ది. గోడలు లోపలికి వంగితే 70 డిగ్రీల నీళ్లల్ల నిమిషం ముంచి, రెండు అద్దం ముక్కల నడుమ బిగించి చల్లటి నీళ్లల్ల దింపు. మసిలే నీళ్లు పోస్తే మొత్తం కరిగినట్టు సాగుతది. త్రీడీ ప్రింటు పీఎల్ఏ అయితే 60 డిగ్రీలకే మెత్తబడతది, ఎండాకాలం కారు డ్యాష్‌బోర్డు మీద పెట్టి మరిచిపోకు.

కాలిపర్, కేడీ గేజ్ రెండూ ఆర్టీసీ కార్గోల పంపుతున్న, రేపు సాయంత్రం పాలమూరు బస్టాండుల తీసుకో. కాలిపర్ సెల్ ఊడదీసి విడిగ పెట్టిన, ఎల్‌ఆర్44. దవడలు మూసి సున్నా వచ్చిందా చూసినంకనే కొలువు. అమ్మ కారప్పొడి కూడ అదే డబ్బాల పెట్టింది, ముందు దాన్ని బయటికి తియ్యి, లేకుంటే గేజ్ మీద పడతది.

మీ నాయిన