ఆ నురుగును కడిగేయకండి

సంపాదకులకు నమస్కారం.

వానలు మొదలవగానే హైదరాబాద్ నుంచి కర్ణాటకలోని కొడగు, ఆగుంబె వైపు ఎన్నో కుటుంబాలు బయల్దేరతాయి. కిందటి జులైలో మేమూ కొడగు వెళ్లాం. దిగిన హోంస్టే వెనక కాఫీ తోటలో ఓ సిమెంటు తొట్టి ఉంది. దాని మీదికి వంగిన కొమ్మకు గుప్పెడంత తెల్లటి నురుగు, దాన్ని అంటుకుని రెండు మూడు ఆకులు. అది కప్ప గూడని తోటలో పనిచేసే పెద్దాయన చెప్పాడు. మర్నాటికి ఆ కొమ్మ లేదు. చూడ్డానికి బాగోలేదని నరికేసి, తొట్టిలో బ్లీచింగ్ పౌడర్ చల్లారట. అంతకుముందే నీళ్లలోకి చేరిన తోకకప్పలు చచ్చి తేలుతున్నాయి. మా పాప అక్కణ్నుంచి కదలనంది.

అది మలబార్ గ్లైడింగ్ ఫ్రాగ్ గూడు. పడమటి కనుమల్లో తప్ప మరెక్కడా లేని చెట్టుకప్ప. ఒళ్లంతా ఆకుపచ్చ, వేళ్ల మధ్య నారింజ ఎరుపు పొర. ఆ పొరను విప్పుకుని దాదాపు 10 మీటర్లు గాల్లో తేలుతూ పోగలదు. మిగతా రోజుల్లో చెట్ల పైన ఉండే ఈ కప్ప వానాకాలంలో నీటి మీదికి వంగిన కొమ్మల్ని వెతుక్కుంటూ కిందికి దిగుతుంది. ఆడకప్ప వదిలే జిగురును వెనక కాళ్లతో మజ్జిగ చిలికినట్టు చిలికితే నురుగవుతుంది. గుడ్లు తడి ఆరకుండా అందులో ఉంటాయి. కొద్ది రోజులకు నురుగు కరిగి, తోకకప్పలు కింది నీళ్లలోకి రాలతాయి. ఆ నీళ్లలో మందు కలిపితే ఇక బతికేదెలా?

1870లో ఈ కప్పను శాస్త్రలోకానికి పరిచయం చేసిన బ్రిటిష్ జీవశాస్త్రవేత్త జెర్డన్ పేరే ఇంగ్లిష్‌లో మన కడపలోని అరుదైన పక్షి కలివికోడికీ ఉంది. 1986లో కలివికోడి మళ్లీ కనిపించినప్పుడు ఎంత సంబరపడ్డామో, ఆ తర్వాత దాని జాడ కోసం ఎన్నేళ్లు వెతికారో మనకు తెలుసు. ఈ కప్ప ఇంకా ఆ స్థితికి రాలేదు. ఏ జీవికి అంతరించే ముప్పు ఎంతో చెప్పే అంతర్జాతీయ రెడ్ లిస్టులో పెద్దగా ఆందోళన లేని వర్గంలోనే ఉంది. అలాగని గూళ్లు నరుక్కుంటూ పోతామా?

హోంస్టేలకు అనుమతిచ్చేటప్పుడే కర్ణాటక అధికారులు ఒక షరతు పెట్టాలి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా, గూడున్న తొట్టిని, కుంటను కడగకూడదు, పైకొమ్మ నరకకూడదు. ఫొటోల కోసం కొమ్మలు వంచడం, కప్పను చేతిలోకి తీసుకోవడం మన యాత్రికులు మానాలి. మీ పర్యాటక పేజీలో కొడగు గురించి రాసినప్పుడు ఈ రెండు ముక్కలూ వేయండి, దయచేసి.

వచ్చే జులైలో మళ్లీ వెళ్తాం. ఈసారి గది బుక్ చేసే ముందే తొట్టి సంగతి అడుగుతాను.

- ఓ పాఠకురాలు, హైదరాబాద్