మన సంఘం వార్షిక నివేదిక: ఈ ఏడాది ట్రావెల్ ఎక్స్‌పోలో తెలుసుకున్నవి

సభ్యులందరికీ నమస్కారం.

ఏటా జరిగే పనులన్నీ ఈ ఏడాదీ జరిగాయి. రక్తదాన శిబిరం, పిల్లల క్విజ్, జనరల్ బాడీ మీటింగ్, వీటి లెక్కలు ట్రెజరర్ గారు విడిగా ఇస్తున్నారు కాబట్టి ఇక్కడ మళ్ళీ రాయట్లేదు. ఈ రిపోర్టులో ఎక్కువ చోటు ట్రావెల్ ఎక్స్‌పోకే, అంటే ట్రావెల్ కంపెనీలన్నీ ఒకచోట స్టాళ్ళు పెట్టి ప్రయాణాల గురించి చెప్పే ప్రదర్శనకే, ఎందుకంటే రాలేకపోయినవాళ్ళు "అక్కడేం చెప్పారో మాకూ చెప్పండి" అని అడుగుతూనే ఉన్నారు, పైగా మన గ్రూప్ ట్రిప్ ఎటు వెళ్ళాలో తేల్చుకునేది కూడా ఈ వివరాలు చూసుకునే.

ఫోన్ తీస్తే కావాల్సినన్ని వీడియోలు ఉన్నాయి కదా, మళ్ళీ ఎక్స్‌పో ఎందుకని కమిటీలో కొందరు అడిగారు. వీడియోలో చోటు కనపడుతుంది, నిజమే, కానీ మోకాళ్ళ నొప్పులున్న అమ్మగారిని అక్కడికి తీసుకెళ్ళొచ్చా అంటే అది జవాబు చెప్పదు, మన సంగతి కనుక్కుని, తిరిగి నాలుగు ప్రశ్నలు వేసి, అప్పుడు చెప్పే మనిషి కావాలి. బెర్లిన్‌లో 1966లో మొదలైన ఐటీబీ, లండన్‌లో 1980లో మొదలైన వరల్డ్ ట్రావెల్ మార్కెట్ లాంటి పెద్ద ఎక్స్‌పోలు ముఖ్యంగా ఆ వ్యాపారంలో ఉన్నవాళ్ళ కోసం, మనం వెళ్ళింది మామూలు జనాన్ని కూడా రానిచ్చే ఎక్స్‌పో. వెళ్ళే ముందు ఒకసారి కూర్చుని ఎవరికి ఎటు ఇష్టమో చూసుకుని చిన్న చిన్న గ్రూపులుగా విడిపోయాం, ప్రశ్నలు కాగితం మీద రాసుకున్నాం. మాకు బాగా కలిసొచ్చింది ఈ కాగితమే, దాన్ని చూడగానే స్టాల్‌లో వాళ్ళు బ్రోషర్ చేతిలో పెట్టి పంపకుండా కుర్చీ వేసి కూర్చోబెట్టారు.

పెరూ వెళ్ళాలనుకున్న గ్రూపుకి దొరికిన సలహా అన్నిటికంటే విలువైనది. అక్కడి పాత కొండ నగరం మాచు పిచ్చు ఎత్తులో ఉంది, గాలి పలచగా ఉండి ఒంట్లో బాగోదేమోనని అందరికీ భయం, తీరా చూస్తే అది సుమారు 2,430 మీటర్లే, విమానం దిగే కుస్కో మాత్రం దాదాపు 3,400 మీటర్లు. అందుకని కుస్కోలో దిగిన రోజే అక్కడ ఉండిపోకుండా కిందున్న సేక్రెడ్ వ్యాలీ అనే లోయకి వెళ్ళి మొదటి రాత్రులు అక్కడ పడుకోండి, ఒళ్ళు అలవాటు పడ్డాక కుస్కో చూసుకోండి, బీపీ, గుండె సమస్యలున్నవాళ్ళు టికెట్ కొనకముందే డాక్టర్‌ని కలవండి అన్నారు. మాచు పిచ్చుకి ట్రైన్‌లో కొండ కింది ఊరి దాకా వెళ్ళి అక్కణ్ణుంచి బస్సెక్కొచ్చట, నడిచి తీరాలని ఏం లేదు. నడవాలనుకునే కుర్రాళ్ళకి మాత్రం ఒక మాట, మాచు పిచ్చుకి నడిచి వెళ్ళే "ఇన్కా ట్రెయిల్" అనే కొండ దారిని ఫిబ్రవరిలో మూసేస్తారు, రోజుకి 500 మందినే వదులుతారు, అందులో గైడ్లు, సామాను మోసేవాళ్ళు కూడా కలిసే, కాబట్టి పర్మిట్ కోసం నెలల ముందే పరిగెత్తాలి.

సఫారీ గ్రూపు తూర్పు ఆఫ్రికాలో (కెన్యా, టాంజానియా) విల్డెబీస్ట్ అనే పెద్ద జింకజాతి జంతువుల మందలు నది దాటడం చూద్దామని ఒక తేదీ అనుకుని వెళ్ళింది. అక్కడి ఎక్స్‌పర్ట్ చెప్పిందేంటంటే ఆ మందలు క్యాలెండర్ చూసి కదలవు, వర్షం ఎటు పడితే, గడ్డి ఎక్కడ మొలిస్తే అటు. మారా నది దాటడం ఎక్కువగా జూలై నుంచి అక్టోబర్ లోపు, పిల్లల్ని ఈనడం సెరెంగెటి దక్షిణాన జనవరి నుంచి మార్చి మధ్య. ఒక్క రోజు మీద ఆశ పెట్టుకోవద్దు, రాత్రులు ఎక్కువ పెట్టుకోండి అన్నారు. ఎల్లో ఫీవర్ టీకా సర్టిఫికెట్ ఆ టీకా వేయించుకున్న పది రోజుల తర్వాతే చెల్లుతుంది, 2016 నుంచి అది జీవితాంతం చెల్లుతుంది, పాతది దాచుకున్నవాళ్ళు పారేయకండి.

నార్తర్న్ లైట్స్, అంటే ఉత్తర ధ్రువం వైపు రాత్రి ఆకాశంలో కనపడే రంగుల వెలుగుల విషయంలో కొందరు ఇంట్లో జూన్ సెలవులు అనుకుంటున్నారు కానీ అది కుదరదు, నార్వేలోని ట్రోమ్సోలో మే మూడో వారం నుంచి జూలై మూడో వారం దాటేదాకా సూర్యుడు అస్తమించడు, చీకటే లేకపోతే ఇంకేం కనపడుతుంది. సెప్టెంబర్ చివర నుంచి మార్చి చివర లోపు వెళ్ళాలి. ఈ వెలుగులు సూర్యుడి జోరుని బట్టి ఉంటాయి, ఆ జోరు సుమారు పదకొండేళ్ళకోసారి పెరుగుతుంది, అది గరిష్ఠ దశకి చేరిందని నాసా వాళ్ళు 2024 అక్టోబర్‌లోనే చెప్పారు. అయినా మబ్బు పడితే అంతా వృథాయే, అందుకే ఇక్కడా ఒక్క రాత్రి ప్లాన్ వద్దు.

కాగితాల సంగతి త్వరగా చెప్పేస్తాను. షెంగెన్ వీసా (యూరప్‌లో చాలా దేశాలకి కలిపి ఒకే వీసా) కావాల్సినవాళ్ళు ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి అప్లై చేయొచ్చు, కనీసం పదిహేను రోజుల ముందైనా చేయాలి, ఇన్సూరెన్స్ కనీసం 30,000 యూరోలకి ఉండాలి, పాస్‌పోర్ట్ తిరిగి బయల్దేరే తేదీ తర్వాత ఇంకో మూడు నెలలైనా చెల్లాలి. జపాన్‌లో కారు నడపాలంటే 1949 ఒప్పందం ప్రకారం ఇచ్చిన ఇంటర్నేషనల్ పర్మిటే చెల్లుతుంది, 1968ది చెల్లదు. పవర్ బ్యాంకులు చెక్-ఇన్ సామానులో పెట్టకూడదు, చేతి బ్యాగులోనే ఉంచుకోవాలి.

వీల్‌చైర్ వాడే మన సభ్యురాలికి ఒక స్టాల్‌లో ఆవిడ చాలా ఓపిగ్గా చెప్పారు. ఎయిర్‌లైన్‌కి "వీల్‌చైర్ కావాలి" అని ఊరికే అంటే చాలదట, దూరం నడవలేరా, మెట్లు ఎక్కలేరా, సీటు దాకా కూడా నడవలేరా, ఈ మూడింటికీ డబ్ల్యూసీహెచ్ఆర్, డబ్ల్యూసీహెచ్ఎస్, డబ్ల్యూసీహెచ్‌సీ అని వేరు వేరు కోడ్‌లున్నాయి, మనకి తగ్గది బుకింగ్‌లో పడిందో లేదో చూసుకోవాలి, కనీసం 48 గంటల ముందే చెప్పాలి. ఇన్నేళ్ళుగా ప్రయాణం అంటేనే వెనక్కి తగ్గే ఆవిడ ఇప్పుడు మనతో వస్తానంటున్నారు. ఎక్స్‌పోకి వెళ్ళడం వల్ల ఇదొక్కటే జరిగినా మాకు సంతోషమే.

ఇక ఆఫర్లు. "ఈరోజే కడితే తగ్గింపు" అని ఒక స్టాల్‌లో గట్టిగానే పట్టుబట్టారు. అక్కడికక్కడ ఎవరూ అడ్వాన్స్ కట్టకూడదని ముందే అనుకున్నాం, ఆ మాట మీదే అందరూ నిలబడ్డారు, అందుకు నిజంగా అభినందనలు. కొటేషన్ రాతపూర్వకంగా అడిగి తీసుకున్నాం, అందులో క్యాన్సిల్ చేస్తే ఎంత వెనక్కొస్తుంది, ఎంట్రీ టికెట్లు, టిప్పులు కలిపే చెప్పారా అనేవి ఇంటికొచ్చాక పక్క పక్కన పెట్టి చూస్తే చవగ్గా కనపడినది చవక కాదని తేలింది. ఆ కొటేషన్లన్నీ ఆఫీసు ఫైల్లో ఉన్నాయి, ఎవరైనా చూసుకోవచ్చు.

కమిటీ అభిప్రాయం పెరూ వైపు మొగ్గుతోంది, పెద్దవాళ్ళూ కుర్రాళ్ళూ ఇద్దరూ రాగలిగేది అదే అనిపించింది, కానీ తేల్చాల్సింది సభ్యులే. వచ్చే మీటింగ్‌లో ఓటు పెడుతున్నాం. రావాలనుకునేవాళ్ళు పాస్‌పోర్ట్ ఎప్పటివరకు చెల్లుతుందో, ఆరోగ్యపరంగా ఏమైనా జాగ్రత్తలు కావాలా, ఏ నెలల్లో సెలవు దొరుకుతుందో ఒక కాగితం మీద రాసి మీటింగ్‌కి ముందే సెక్రటరీకి ఇవ్వండి.