ట్రాయ్ (టెలికం నియంత్రణ సంస్థ) చైర్మన్ గారికి బహిరంగ లేఖ: 5జీ కొనేముందే నిజం చెప్పించండి

అయ్యా,

నమస్కారం. 2022 అక్టోబరులో 5జీ మొదలైనప్పుడు తొలి విడత నగరాల్లో హైదరాబాద్ కూడా ఉంది. అయినా మా మలక్‌పేటలో చాలామంది ఇంకా 4జీతోనే కాలం గడుపుతున్నారు. కొత్తదంటే భయమై కాదు, పెట్టిన డబ్బుకు తగ్గ ఫలితం ఉంటుందన్న నమ్మకం కుదరక.

మా గేటు దగ్గర ఫోన్‌లో 5జీ గుర్తు కనిపిస్తుంది. వంటగదిలోకి రాగానే 4జీకి పడిపోతుంది, పిల్లాడి వీడియో క్లాసు ఆగి ఆగి నడుస్తుంది. 5జీకి ఎక్కువగా వాడే 3.5 గిగాహెర్ట్జ్ తరంగాలు గోడలు దాటడంలో తక్కువ ఫ్రీక్వెన్సీ బ్యాండ్ల (తరంగ శ్రేణుల) కంటే బలహీనం. ఈ మాట ఫోన్ అమ్మేటప్పుడు ఎవరూ చెప్పరు. డబ్బా మీద 5జీ అని ఉన్నంత మాత్రాన అన్ని బ్యాండ్లూ ఆ ఫోన్‌లో పనిచేస్తాయన్న గ్యారంటీ కూడా లేదు.

ఇక ఖర్చు. అబిడ్స్ జగదీశ్ మార్కెట్‌లో సెకండ్ హ్యాండ్ ఫోన్ బేరమాడుతున్న ఆటో డ్రైవర్ ఒకాయన "వాట్సాప్, ఫోన్‌పే, మ్యాపు నడిస్తే చాలన్నా" అన్నాడు. న్యాయమైన మాట. ఆ మూడింటికీ 4జీ సరిపోతుంది. పైగా 2024 జులైలో చార్జీలు పెంచాక, పెద్ద కంపెనీలు అన్‌లిమిటెడ్ 5జీని రోజుకు 2 జీబీ, ఆపై ప్లాన్లకే పరిమితం చేశాయి. నెల జీతం మీద బతికేవాళ్లకు ఇది చిన్న విషయం కాదు.

సిగ్నల్ ఎక్కడెక్కడ అందుతుందో చూపే కవరేజ్ మ్యాపులను కంపెనీలు తమ వెబ్‌సైట్లలో పెట్టాలని మీరు నిబంధన తెచ్చారు, సంతోషం. వాటిలో ఇంటి లోపలి సిగ్నల్‌ను విడిగా చూపించమనండి. తెలుగులోనూ పెట్టించండి.

ఇట్లు,
ఒక వినియోగదారు,
మలక్‌పేట, హైదరాబాద్